తలకిందుల గట్టు

ఆ వేసవిలో మా పచ్చిక మీదికి మూడు కాళ్ల సామాను ఏది వచ్చినా ముందు కుక్కల్ని వదిలేవాళ్లం. ఆ తర్వాతే మనిషిని పలకరించేవాళ్లం.

అంతకు ముందు ఏడాది పక్క లోయలో జరిగింది చూశాక ఎవరైనా అలాగే చేస్తారు. పసుపు చొక్కాలవాళ్లు కొందరు వచ్చి, మూడు కాళ్ల మీద దుర్బిణీ నిలబెట్టి, "ఊరికే రాళ్లు చూసుకుంటున్నాం" అన్నారట. ఆ లోయవాళ్లు గుర్రప్పాల కుమిస్ పోశారు. గొర్రెను కోసి, పెద్ద అతిథికి మాత్రమే పెట్టే తలకాయ వాళ్ల ముందే పెట్టారు. వాళ్లు తిని, మూతులు తుడుచుకుని, పోతూ పోతూ కొండ గట్టు మీద సున్నం పూసిన రాళ్లు వరసగా పేర్చి పోయారు. మరుసటి వసంతంలో మందల్ని తోలుకొచ్చేసరికి ఆ రాళ్ల వెంబడే ముళ్లతీగ. లోపల గని తవ్వుతారట. మావాళ్లు ఈ సంగతి చెప్పుకునేటప్పుడు ముళ్లతీగ గురించి తక్కువ, పెట్టిన తలకాయ గురించి ఎక్కువ చెప్పేవాళ్లు.

నేను బళ్లో భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని అందరూ మాస్టారంటారు. నా భార్య సోనున్ పోయాక అది రెండో వేసవి. కంబళి గుడారంలో నేను, నా కొడుకు కాలిస్, కోడలు కుందుజ్, ముగ్గురమే. పై ఊట పక్కన మా చోటు. ఏటా అక్కడే వేయడంతో గడ్డిలో గుండ్రటి మచ్చ పడిపోయింది. ఆ చోటు సోనున్ ఎంచింది. పొద్దున్నే తలుపు తెర ఎత్తితే ఎండ ముందు పొయ్యి మీద పడాలని తెగ తిరిగి, చివరికి మడమతో గడ్డిని తొక్కి "ఇక్కడ" అంది. ఏ చోటు ఎవరిదో ఏటా తేల్చేది పచ్చిక సంఘం. ఆ సంఘానికి పెద్ద, సోనున్ తమ్ముడు మామ్బెట్.

గడ్డి మోకాలెత్తు పెరిగిన రోజుల్లో ఒక పాత వ్యాను దగ్గుకుంటూ పైకి వచ్చింది. మామ్బెట్ కింద ఏటి దగ్గర ఉన్నాడు. వ్యానులోంచి నడివయసు ఆడమనిషి ఒకామె, పొడుగాటి రష్యన్ ముసలాయన ఒకాయన దిగారు. ఆమె పేరు సైకాల్, బిష్కెక్‌లో పళ్ల డాక్టరు. ఆయన పేరు వలేరి, ఒకప్పుడు అకార్డియన్ నేర్పేవాడట. కాలిస్ వాళ్ల పెట్టెల్ని మా చుక్కల గుర్రం మీద వేసి పైకి చేరవేశాడు. సైకాల్ జేబులోంచి చక్కెర బిళ్ల తీసి గుర్రానికి పెట్టింది. కుందుజ్ రొట్టె పట్టుకొచ్చింది. ఇద్దరూ తుంచుకుని నోట్లో వేసుకున్నారు.

అంతే. ఇక వాళ్లు మా ఇంటి మనుషులు. మా రొట్టె తిన్నవాణ్ణి ఎవరూ తరమకూడదు, వాడు చేసే ప్రతి పనికీ మేమే పూచీ.

ఏటి దగ్గర్నించి వచ్చిన మామ్బెట్ గుర్రం దిగకుండానే అరిచాడు. "ఎవరు తినమన్నారు వాళ్లని?"

"నేనే పెట్టాను" అంది కుందుజ్.

"ఆ మూడు కాళ్లవి కనపడలేదటమ్మా నీకు?"

"మడిచి ఉన్నాయి మామయ్యా. మడత మంచాలనుకున్నా."

మామ్బెట్ లోపలికొచ్చి, కోడలి చేతిలోంచి కెటిలు తీసుకుని, తనే వలేరి గిన్నెలో టీ అంచుదాకా పోశాడు. మా దగ్గర ఎవరికైనా సగమే పోస్తాం. ఇంకాసేపు కూర్చో, మళ్లీ పోస్తానని దానర్థం. నిండా పోస్తే తాగి లెమ్మని.

వలేరి ఆ గిన్నెను చూసి నవ్వాడు. "అర్థమైంది. నేనూ ఈ నేల మీద పుట్టినవాణ్ణే. కానీ ఏం చేయను, లేద్దామంటే వ్యాను ఇవాళ లేవదు."

"ఏం అమ్మడానికొచ్చారు?" అన్నాడు మామ్బెట్.

"ఏమీ అమ్మం."

"ఏం కొంటారు?"

"ఏమీ కొనం" అంది సైకాల్. "మా ఊళ్లో దీపాల వెలుగుకి ఆకాశం కనపడదు. ఏటా ఒక్కో పచ్చికకి పోతాం. మేం చూసుకుంటాం, అక్కడివాళ్లకీ చూపిస్తాం."

"మా ఆకాశాన్ని మాకే చూపిస్తారా?"

"అవును."

"ఊరికే?"

"ఊరికే."

మామ్బెట్ నా వైపు తిరిగాడు. "విన్నావా బావా? ఊరికేనట. పక్క లోయలోనూ ఇదే మాట అన్నారు." బయటికొచ్చాక నా భుజం పట్టుకున్నాడు. "పెట్టినవాళ్లు మీరే, కనిపెట్టాల్సిందీ మీరే. చదువుకున్నవాడివి. పక్కనే కూర్చో. ఏం కొలుస్తున్నారో చూసి నాకు చెప్పు."

నాకు ఆ పని మీద మనసు లేదు. అయినా ఒప్పుకున్నాను. నిజానికి నా లోపలా అదే అనుమానం ఉంది.

*

సాయంత్రాలు వాళ్ల దగ్గర కూర్చున్నాను. వాళ్లవి రెండు టెలిస్కోపులు. సైకాల్‌ది మూడు కాళ్లది. వలేరిది ఆయన సొంతంగా చేసుకున్న చెక్క గొట్టం, పెట్టె లాంటి పీట మీద ఫిరంగిలా ఉండేది. పొద్దు వాలే వేళకి వాటిని ఊట పై మిట్ట మీద నిలబెట్టి జనం కోసం ఎదురుచూసేవాళ్లు. జనం వచ్చేవాళ్లు గాని, దూరంగా గుర్రాల మీదే ఉండి చూసి పోయేవాళ్లు.

వాళ్లు చేసే ప్రతి పనీ అనుమానానికి తగ్గట్టే ఉండేది. చీకటి పడగానే గుడారాల దీపాలు తగ్గించమన్నారు.

"దీపం ఆర్పి ఏం చేస్తారట?" అంది బూరుల్ ముసలమ్మ. మా కింది గుడారం ఆమెది. నోరు ఊరుకోదు. "దొంగలైనా మనం దీపం ఆర్పేదాకా ఓపిగ్గా ఉంటారు, ఇలా అడగరు."

ఎర్ర టార్చిలు వేసుకుని తిరిగేవాళ్లు. తెల్ల వెలుగు కంటికి దెబ్బట, కాసేపటిదాకా చుక్కలు కనపడవట. సైకాల్ ఉత్తరానికి తిరిగి, మేం ఇనుప మేకు అని పిలుచుకునే ఆ కదలని చుక్కకి గురిపెట్టి, చాలాసేపు మరలు తిప్పేది. గురి కుదిరాక మూడు కాళ్ల కింద మూడు పలక రాళ్లు పెట్టి, ప్రతి రాయి మీదా తెల్ల రంగుతో ఒక చుక్క పెట్టింది.

"ఇదెందుకమ్మా?" అన్నాను.

"పగలు మీ దూడలు వచ్చి రుద్దుకుంటాయని లోపల పెట్టుకుంటాం కదా మాస్టారూ. మళ్లీ సాయంత్రం సరిగ్గా అదే చోట కాళ్లు పెడితే గురి కోసం మొదట్నించీ తంటాలు పడక్కర్లేదు."

చెప్పిన కారణం సబబుగానే ఉంది. పసుపు చొక్కాలవాళ్ల కారణాలూ సబబుగానే ఉండేవట. మర్నాడు మామ్బెట్ ఆ రాళ్ల చుట్టూ గుర్రాన్ని తిప్పాడు. ఒంగి ఉమ్మేసి పోయాడు.

చివరికి జనాన్ని దగ్గరికి తెచ్చింది పంటి నొప్పి. సైకాల్ పళ్ల డాక్టరని తెలిసి ఒక గొర్రెల కాపరి బుగ్గ పట్టుకుని వచ్చాడు. ఆమె వ్యాను మెట్టు మీద కూర్చోబెట్టి పన్ను పీకింది. తర్వాత రోజు వరస కట్టారు.

"నోరు తెరవమంటే తెరుస్తున్నారు, కన్ను పెట్టమంటే పెట్టరే!" అని నవ్వింది సైకాల్.

"నోట్లో ఏముందో నీకు కనిపిస్తుంది. ఆ గొట్టంలో ఏముందో మాకెలా తెలుసు?" అంది బూరుల్. కానీ ముందు కన్ను పెట్టిందీ ఆమే. సగం చంద్రుడి రోజది. వలేరి గొట్టం ముందు ఒంగి, ఊపిరి బిగపట్టి, "అయ్యో, మశూచి వచ్చిన మొహంలా ఉందే" అంది. మళ్లీ వెంటనే లేచి గొట్టం అవతలి కొసకి వెళ్లి, దాని నోట్లోకి చెయ్యి పెట్టి చూసింది, బొమ్మ ఏదైనా అతికించారేమోనని.

"జరిగిపోతోందయ్యా నీ చంద్రుడు" అని అరిచింది తిరిగొచ్చి.

"ఆగడమ్మా. ఆకాశం తిరుగుతూనే ఉంటుంది. ఇలా వేలితో కాస్త కాస్త తోస్తూ ఉండాలి. మీరు చూస్తూ ఉండండి, నేను తోస్తా."

"మా మామగారు కృత్తికల్ని చూసి మందల్ని కిందికి దించేవాడు. ఏ గొట్టం లేదు, ఎవరూ తోయలేదు" అంది ఆమె. అన్నాక కూడా లేవలేదు.

నేను ఇంటికొచ్చి మామ్బెట్‌కి చెప్పాను, కొలిచేవాళ్లలా లేరని. "లేరా, లేనట్టున్నారా?" అన్నాడతను.

*

చంద్రుడు నిండుకి వస్తున్న రోజుల్లో అవతలి గట్టు మీద తెల్లరాళ్లు లేచాయి.

తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ పోయిన కాపరి చూశాడు. సున్నం పూసినవి, వరసగా, గట్టు వెన్ను వెంబడి మా పై ఊట వైపే వస్తున్నాయి. సాయంత్రానికల్లా పచ్చిక మీది గుడారాలన్నీ ఖాళీ అయి జనమంతా మా ముందుకొచ్చారు.

"మూడు రాళ్లతో మొదలుపెట్టారు. అప్పుడే చెప్పాను" అన్నాడు మామ్బెట్. "అది మచ్చు. ఇది అసలు."

"మేం గట్టెక్కనే లేదు" అంది సైకాల్.

"నిన్ను అడగలేదమ్మా. నిన్ను అడిగితే శాస్త్రం చెప్తావు. నేను బావని అడుగుతున్నా." అతను నా ముందు నిలబడ్డాడు. చిన్నప్పుడు అక్క కొంగు పట్టుకుని మా పెళ్లికి వచ్చినవాడు. "రేపు సాయంత్రం సంఘం కూర్చుంటుంది. ఈ లోపల ఆ రాళ్లెవరివో నువ్వు తేల్చు. తేల్చలేకపోతే వాళ్లు వ్యాను ఎక్కుతారు. వచ్చే ఏడు నీ గుడారం ఊట దగ్గర ఉండదు. కింద బురద పక్కన వేసుకో. రాళ్లు పెట్టేవాళ్లకి రొట్టె పెట్టిన ఇంటికి ఊట ఇవ్వలేను. అక్క ఉన్నా ఇదే మాట అనేవాణ్ణి."

జనం వెళ్లిపోయాక కాలిస్ మెల్లగా అన్నాడు. "పంపించేయండి నాన్నా. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం మనం మాట పడటమెందుకు? అమ్మ చోటు పోగొట్టుకోవాలా?"

వాడి మాట న్యాయంగానే తోచింది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. గుడారం తడికె మీద సోనున్ గరిటె ఇంకా అదే మేకుకి వేలాడుతోంది. కుందుజ్ దాన్ని రోజూ తుడుస్తుంది గాని వాడదు. దాని వైపు చూస్తూ, పొద్దున్నే వాళ్లని వెళ్లిపొమ్మని చెప్పాలని నిర్ణయించుకున్నాను.

పొద్దున్నే అనుకున్నవాణ్ణి మధ్యాహ్నందాకా కదల్లేకపోయాను. నేను మిట్టెక్కేసరికి సైకాల్ చెక్క గొట్టాన్ని పడుకోబెట్టి అవతలి గట్టు వైపు గురిపెట్టి ఉంది. పట్టుబడ్డారనుకున్నాను.

"ఏం చేస్తున్నావమ్మా?"

ఆమె తడబడలేదు. "పెద్ద గొట్టం మీద ఈ చిన్న గొట్టం ఉంది చూడండి, గురి చూసుకోవడానికి. నిన్న మీవాళ్ల గొడవలో ఎవరిదో భుజం తగిలి పక్కకి పోయింది. పగటిపూట దూరంగా కదలని వస్తువేదైనా చూసుకుని రెండింటినీ కలపాలి. గట్టు మీద కోసుగా మొనదేలి ఉన్న ఆ రాయి పెట్టుకున్నా. నేను మర తిప్పుతా, మీరు పెద్దదాంట్లో చూసి, రాయి నడిమధ్యకి రాగానే చెప్పండి."

నేను ఒంగి కన్ను పెట్టాను.

ఆ గొట్టంలో అన్నీ తలకిందులు. ఆకాశం కింద ఉంది, గట్టు పైనుంచి వేలాడుతోంది, గడ్డి కిందికి మొలిచి గాలికి ఊగుతోంది. కోసు రాయి పక్కన కాళ్లు పైకి పెట్టుకుని ఒక గుర్రం నిలబడి ఉంది. మా దగ్గర దూరాన ఎవరు వస్తున్నా ముందు గుర్రాన్ని పోల్చుకుంటాం, మనిషిని తర్వాత. తలకిందులుగా ఉన్నా, తుంటి మీద మూడు చుక్కలు, నుదుటి మీద తెల్ల చార, కళ్లెం ఒదులుగా వదిలేసే పద్ధతి. పొద్దున్న ఆ గుర్రానికి నీళ్లు పట్టింది నేనే. దాని పక్కన పసుపు చొక్కాలు ఇద్దరు. వాళ్ల ముందు ఒకడు మోకాళ్ల మీద కూర్చుని రాయికి సున్నం పూస్తున్నాడు. అరచేతిని అంచు కింద ఆనించి, కింద ఒక్క బొట్టు పడనివ్వకుండా జాగ్రత్తగా పూస్తున్నాడు. అలా పూయడం వాడికి సోనున్ నేర్పింది, ఊళ్లో ఇంటి గోడలకి.

"వచ్చిందా మాస్టారూ, నడిమధ్యకి?"

"వచ్చింది" అన్నాను.

నేను జరిగాక ఆమె చూసింది. మామూలుగా చూసేదానికన్నా ఎక్కువసేపే చూసింది. ఆ గుర్రానికి రోజూ చక్కెర పెడుతున్నది ఆమే. లేచి, నా మొహం వైపు చూడకుండా, గొట్టాన్ని ఖాళీ ఆకాశం వైపు తిప్పి మూత పెట్టేసింది.

"గురి కుదిరింది. థాంక్స్" అంది. ఇంకేమీ అడగలేదు.

*

కాలిస్ పొద్దు వాలకముందే వచ్చాడు. నేను గుర్రాల కొయ్య దగ్గర కూర్చుని ఉన్నాను. వాడు జీను విప్పుతుంటే అడిగాను.

"ఎక్కడికెళ్లావురా?"

"నరీన్ పట్నం దారిలో. మన కారు టైరు చూడ్డానికి మనిషిని మాట్లాడదామని."

"గుర్రం మీదా?"

వాడి చేతులు ఆగాయి. కాసేపటికి జీను దించి నేల మీద పెట్టాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూశాను. వాళ్ల గొట్టంలోంచి."

వాడు గట్టు వైపు చూశాడు. అక్కణ్ణించి చూస్తే గట్టు ఒక నీలపు గీత, అంతే. వాడి మొహంలో ముందు నమ్మలేనితనం, తర్వాత అలసట.

"ఎలాగూ తీసుకుంటారు నాన్నా. పక్క లోయవాళ్లని అడిగి తీసుకున్నారా? మనల్నీ అడగరు. ఆ రోజు ముళ్లతీగ బయట నిలబడి అరిచేవాళ్లలో ఉండాలా, లోపల జీతానికి ఉండాలా, అదొక్కటే మన చేతిలో ఉంది. డ్రైవరు పని ఇస్తామన్నారు. చలికాలమంతా కుందుజ్ కూలికి ఆ బొగ్గు మోత మోయక్కర్లేదు. ఊటని తీగ లోపలికి రాకుండా చూస్తామనీ అన్నారు."

"నమ్మావా?"

వాడు జీను పట్టీ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆ రాళ్లు వాళ్లు పెట్టారని జనం అంటున్నారు" అన్నాను మిట్ట వైపు చూపించి.

"పరాయివాళ్లు నాన్నా. రేపు వెళ్లిపోతారు. వాళ్లకి పోయేదేముంది?"

"మన రొట్టె తిన్నారు."

వాడు గుర్రం వీపు రుద్దుతూ ఉండిపోయాడు. నేను లేచి లోపలికి వచ్చాను. సోనున్ ఉంటే ఏదో ఒకటి చెప్పేది, వాడు కోప్పడేవాడు, ఆ కోపంలో దారి దొరికేది.

*

సంఘం మా గుడారం ముందే కూర్చుంది. పొయ్యి మీద పెద్ద బానలో పాలు. మగవాళ్లు గుండ్రంగా, వెనక ఆడవాళ్లు. కాలిస్ అందరికీ వెనక, గుర్రాల కొయ్యకి ఆనుకుని నిలబడ్డాడు.

మామ్బెట్ సైకాల్ని నిలదీశాడు. "చెప్పమ్మా. ఆ రాళ్లు మీవా?"

"మావి కావు."

"మరెవరివి?"

ఆమెకి తెలుసు. ఒక్క మాటతో బయటపడొచ్చు. వలేరి ఆమె వైపు చూశాడు. ఆయనకీ చెప్పినట్టుంది. ఆమె చేతులు కట్టుకుని నేల చూసింది. "మావి కావు, అంతే చెప్పగలను."

"చెప్పలేకపోతే సామాను సర్దుకోండి" అన్నాడు మామ్బెట్. జనంలోంచి ఎవరో ఈల వేశారు. "వ్యాను లేవకపోతే మేం తోస్తాం, కొండ కిందిదాకా తోస్తాం!"

నేను వెనక్కి తిరిగి కాలిస్‌ని చూశాను. వాడికి కావలసినంత సేపు ఇద్దామని చూశాను. వాడు కళ్లు దించుకున్నాడు.

లేచి నిలబడ్డాను.

"రాళ్లు కాలిస్ పెట్టాడు. ఇవాళ మధ్యాహ్నం నేను చూశాను."

అందరూ కొయ్య వైపు తిరిగారు. అప్పుడు కాలిస్ కొయ్యని వదిలి గుడారం వెనక్కి వెళ్లాడు. పారిపోతున్నాడనుకున్నారు. సున్నం డబ్బా, బ్రష్ పట్టుకుని తిరిగొచ్చి మామయ్య ముందు పెట్టాడు. బ్రష్ ఇంకా తడిగానే ఉంది.

కుందుజ్ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాలు పొంగుతున్నాయర్రా, ఎవరైనా చూడండి" అంది బూరుల్. చూస్తే పాలు పొంగడం లేదు. కానీ కుందుజ్‌కి మొహం తిప్పుకుని పొయ్యి వైపు వెళ్లడానికి ఒక సాకు దొరికింది.

మామ్బెట్ ఆ డబ్బాని కాలితో పక్కకి నెట్టాడు. నా వైపు తిరిగి అన్నాడు, "ఇంత దూరం నుంచి గుర్రాన్ని పోల్చావా బావా? ఆ గొట్టంలోంచా?"

"అవును."

"అంటే అది గట్టుని చూస్తుందన్నమాట."

"చూస్తుంది."

"చంద్రుడి కోసమే అన్నారుగా మరి!" అని సైకాల్ మీద గయ్యిమన్నాడు. అనుమానం అతనికి అలవాటైపోయింది, ఒక్కసారిగా దింపుకోలేకపోతున్నాడు. "పద, నేనూ చూస్తా. ఏమేం చూస్తుందో అంతా చూస్తా."

టోపీ తీసి చంకలో పెట్టుకుని గొట్టం ముందు ఒంగాడు. వెలుతురున్నంత సేపూ గట్టునే చూశాడు. రాళ్లని ఒక్కొక్కటీ చూస్తూ తిట్టాడు. చీకటి గట్టుని మింగేశాక కూడా లేవలేదు. వలేరి గొట్టాన్ని దక్షిణం వైపు కొంచెం ఎత్తి, "ఇప్పుడు చూడండి" అన్నాడు.

మామ్బెట్ కన్ను ఇంకా దగ్గరికి ఆనించాడు. తర్వాత, "దీని చుట్టూ ఏంటిది?" అన్నాడు.

"వలయం. శని గ్రహం అది."

"ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు."

"హుఁ" అన్నాడు మామ్బెట్, అదీ తేల్చుకోవాల్సిన సంగతే అన్నట్టు.

జనం ఒకరి వెనక ఒకరు వరసలోకి వచ్చారు. కాలిస్ రాలేదు. అందరూ చూసి వెళ్లాక కూడా సైకాల్ గొట్టం దగ్గరే నిలబడి, ఎవరూ చూడని ఆ శనిని వేలితో తోస్తూ నడిమధ్యలోనే ఉంచింది. ఎవరి కోసమో నాకు తెలుసు. వాడికీ తెలుసు. వాడు రాలేదు.

ఆ రాత్రి కుందుజ్ టీ పోసింది. నాకు సగం. కాలిస్ గిన్నె అంచుదాకా. వాడు ఒలక్కుండా రెండు చేతులతో ఎత్తి తాగి, లేచి గుర్రాల దగ్గరికి పోయి పడుకున్నాడు. కాసేపటికి ఆమె దుప్పటి తీసుకెళ్లింది. వాడి మీద కప్పలేదు. పక్కన పెట్టి వచ్చింది.

*

వ్యాను బాగయ్యాక వాళ్లు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు మామ్బెట్ చెక్క గొట్టం మీద చెయ్యి వేసి, "ఇది ఇక్కడ ఉండాలి. గట్టు చూసుకోవాలి" అన్నాడు. అడిగినట్టు లేదు, జప్తు చేసినట్టుంది.

వలేరి తల గోక్కున్నాడు. "సరే. చలికాలంలో ఇంకోటి చేసుకుంటా. ఒక షరతు. పగలు గట్టు చూసుకోండి. చీకటి పడ్డాక పైకి తిప్పండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ వద్దు, కన్ను పోతుంది."

"చూద్దాం" అన్నాడు మామ్బెట్.

కాలిస్ తెల్లరాళ్లన్నీ చుక్కల గుర్రం మీద దించి ఏట్లో పడేశాడు. మామ్బెట్ మిట్ట మీద నుంచి గొట్టంలో చూస్తూ లెక్క పెట్టుకున్నాడు. పసుపు చొక్కాలవాళ్లు ఆ వేసవిలో మళ్లీ రాలేదు. మాకు దాంతో ధైర్యం రాలేదు, ఎందుకు రావట్లేదా అన్న అనుమానం మాత్రం వచ్చింది. సంఘం తీర్పు మారలేదు. వచ్చే ఏడు మా గుడారం కింద బురద పక్కనే. రాళ్లు పెట్టినవాడు మా ఇంటివాడే కాబట్టి నేనూ ఏమీ అనలేదు. ఊట చోటు బూరుల్‌కి ఇచ్చారు. ఆమె వచ్చి మా గుడారం చుట్టూ ఒకసారి నడిచి, "ఇక్కడ గడ్డి ఏం బాలేదు, నేను పక్కన వేసుకుంటా" అంది. ఆ పచ్చిక మొత్తం మీద అంత మంచి గడ్డి ఇంకెక్కడా లేదు.

మామ్బెట్ రోజూ సాయంత్రం మిట్టెక్కి చీకటి పడేదాకా గట్టుని కాచేవాడు. చీకటి పడగానే మూత పెట్టి దిగిపోయేవాడు. ఒక్కసారి కూడా పైకి తిప్పడం మేం చూడలేదు. మేనల్లుడితో ఒక్క మాటా మాట్లాడలేదు. కాలిస్ మంద తోలుకుని ఆ మిట్ట కిందుగానే వచ్చేవాడు, తల ఎత్తకుండా.

గడ్డి పచ్చదనం పోయి, పొద్దున్నే బకెట్లో నీటి మీద మంచు పొర కట్టడం మొదలైంది. రేపో మాపో కిందికి దిగాలి. ఆ సాయంత్రం నేను మామ్బెట్ పక్కన కూర్చుని ఉన్నాను. కుందుజ్ కెటిలు, గిన్నెలు పట్టుకొచ్చింది. కింద గొర్రెలు దాటాయి. వాటి వెనక కాలిస్ రావాలి. వాడు గుర్రం దిగి, కళ్లెం వదిలేసి, మిట్టెక్కి వచ్చి మాకు కాస్త దూరంలో ఆగాడు.

"మామయ్యా."

మామ్బెట్ కన్ను తీయలేదు.

"ఓసారి పైకి తిప్పుతావా?"

"ఎందుకు?"

"ఆ రోజు నేను చూడలేదు."

మామ్బెట్ నిటారుగా కూర్చుని వాణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. గట్టు వైపు చూశాడు, ఆ కాసేపట్లో అక్కడ ఎవరైనా కదులుతారేమోనన్నట్టు. అప్పటికే గట్టు కనపడటం లేదు. గొణుక్కుంటూ గొట్టాన్ని ఎత్తాడు. ఇన్నాళ్లూ పైకి తిప్పని మనిషికి శని ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని పడలేదు. అది నేను గమనించాను.

"తొందరగా చూడు."

కాలిస్ ఒంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మామ్బెట్ మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు గాని చెయ్యి గొట్టం మీదే ఉంది. శని జారిపోకుండా వేలితో కాస్త కాస్త తోస్తున్నాడు.

కుందుజ్ గిన్నెలు పేర్చి టీ పోసింది. నాకు, మామ్బెట్‌కి, తర్వాత మూడో గిన్నెలో. ఆ మసక వెలుగులో సరిగ్గా కనపడక, ఎంత పోసిందో చూద్దామని నేను ఒంగాను.

సగమే పోసింది.